టార్పాలిన్ కింద దుంగలు

ఫిబ్రవరి 19

చెట్టు మొదట్లో కాఫీపొడి. ఎవరో నడుస్తూ నడుస్తూ పొట్లం జారవిడుచుకున్నట్టుంది. వేలితో తీసి నలిపి చూశాను. పొడి కాదు, పొట్టు. తలెత్తి చూస్తే బెరడు మీద అక్కడక్కడా బంక ముద్దలు. కత్తితో చిన్న పెచ్చు లేపాను. లోపల సన్నటి దారులు. దారుల చివర బియ్యపు గింజల్లాంటి తెల్లటి పిల్లలు.

బెరడు పురుగు.

నాన్న ఉన్నప్పుడు రాలేదు. నా చేతికొచ్చాకా రాలేదు. పక్కనున్న పైన్ చెట్లన్నీ తడిమి చూశాను. మొత్తం మూడింటికి ఉంది. మూడూ ఇంకా పచ్చగానే ఉన్నాయి. మూడంటే పెద్ద విషయం కాదు.

మూడూ గట్టుదారి పక్కనే ఉన్నాయి. దారికి ఇవతలి అడవి నాది, అవతలిది తమ్ముడిది.

ఫిబ్రవరి 20

మా ఆయన కొట్లో రంపానికి పళ్ళు నూరుతున్నారు. చుట్టుపక్కల అడవులున్న వాళ్ళందరి రంపాలూ ఆయన దగ్గరికే వస్తాయి, తమ్ముడివి తప్ప. పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పాను. ఆయన మిషను ఆపి అద్దాలు తీశారు.

"మీ తమ్ముడికి చెప్పావా?"

"మూడే చెట్లు."

"నేనడిగింది ఎన్నని కాదు."

మళ్ళీ మిషను వేసుకున్నారు. ఈయనతో ఇదే చిక్కు. గట్టిగా ఒక్క మాటంటే ఎదురు తిరిగేదాన్ని.

అడవులున్న వాళ్ళ సంఘంలో ఆ నిబంధన పెట్టించింది నేనే. పురుగు కనిపించిన రోజే పక్క అడవి వాళ్ళకి చెప్పాలి, ఇద్దరూ కలిసి కొట్టాలి, పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోకుండా దుంగ మీద బెరడు ఉంచకూడదు. బల్ల గుద్ది మరీ ఒప్పించాను. అప్పటికి మా అడవి ఇంకా ఒక్కటే. పక్క అడవి అంటే ఎవరో పరాయివాళ్ళది అనుకున్నాను.

పంపకాల రోజు వాడు ఏమన్నాడో నాకు అక్షరం మర్చిపోకుండా గుర్తుంది. సర్వేయరు, ప్లీడరు, మరదలు, మా ఆయన అందరూ ఉన్నారు. "అక్కకి చెట్టు కొట్టాలంటే చెయ్యి రాదండీ. రద్దీ బస్సులో జనాన్ని కుక్కినట్టు కుక్కి పెంచుతుంది. ఎప్పుడో ఒకప్పుడు జబ్బు తెచ్చి పెడుతుంది, చూస్తూ ఉండండి." నేనూ ఊరుకోలేదు. "వీడు అడవిని పార్కు చేస్తాడు. ఒక్క గాలివాన రానివ్వండి, తెలుస్తుంది," అన్నాను. ఆ తర్వాత మా మధ్య మాటల్లేవు.

ఏడాదికి ఎంత పెరిగిందో అంతకు మించి కొట్టకూడదన్న నాన్న మాట ఇద్దరం తప్పలేదు. ఎంత కొట్టాలన్న దగ్గర ఎప్పుడూ పేచీ లేదు, వేటిని కొట్టాలన్న దగ్గరే. చెట్లు దగ్గర దగ్గరగా ఉంటే పక్కలకి కొమ్మలు చాచకుండా తిన్నగా పైకి పోతాయి. ముడి లేని కలప వస్తుంది. వాడికి పలచగా ఉండాలి, తొందరగా లావెక్కాలి.

ఇప్పుడు వాడికి ఫోన్ చేసి, నాకు జబ్బొచ్చిందిరా అని చెప్పాలన్నమాట.

రేపు చూద్దాం.

ఫిబ్రవరి 23

మూడూ కొట్టించాను. తప్పు చేయలేదు, ఆలస్యమూ చేయలేదు. అది రాసి పెట్టుకుంటున్నాను.

జబ్బు చెట్ల చుట్టూ ఒక వరస మంచి చెట్లు కూడా తీసెయ్యాలి. పచ్చగా కనిపించినంత మాత్రాన వాటిలో పురుగు లేనట్టు కాదు. నాకు తెలుసు. వాటికి గీత పెట్టడానికి సున్నం డబ్బా పట్టుకుని తిరిగాను. ఎంత తిన్నగా ఉన్నాయో. ఒక్కొక్కదాని మీదా చెయ్యి వేసి చూసి, పొట్టు లేదు కదా అనుకుని, ముందుకు నడిచాను. డబ్బా నిండుగానే ఇంటికి వచ్చింది.

దుంగల్ని గట్టుదారి పక్క చదును మీద దొంతరగా పేర్పించాను. లారీ తిరగడానికి నా అడవి మొత్తానికి అదొక్కటే చోటు. చెట్లు కొట్టే మేస్త్రీ నడుం పట్టుకుని నిలబడి అడిగాడు.

"బెరడు ఒలిచేద్దామా అమ్మా?"

అడవిలో బెరడు ఒలవడం మొదలుపెడితే దారిన పోయే ఎవరికైనా ఇట్టే అర్థమైపోతుంది, ఎందుకో. ఆ దారిన పోయేది ఎవరు?

"ఎల్లుండి లారీ వస్తుందిగా. మిల్లులో వాళ్ళే ఒలుచుకుంటారు," అన్నాను.

"అవుననుకోండి. చలి కూడా ఇంకా వదల్లేదు. ఈ చలిలో పురుక్కి రెక్కలేం వస్తాయి," అన్నాడు. ఒలిచే పని తప్పినందుకు వాడి మొహం వెలిగిపోయింది. నా మొహం కూడా వెలిగే ఉంటుంది.

ఫిబ్రవరి 25

లారీ రాలేదు.

ఫిబ్రవరి 26

లారీ ఆయన ఫోన్లో: "గేరుబాక్సు దించేశాం మేడమ్. రేపు మధ్యాహ్నానికల్లా మీ ముందుంటా."

ఈయన రేపుకీ, నేను అన్నం తగ్గిస్తానన్న రేపుకీ పెద్ద తేడా లేదు.

దొంతర మీద నల్ల టార్పాలిన్ కప్పించాను. వాన వచ్చేలా ఉందని.

మా ఆయన కిటికీ లోంచి ఆకాశం వైపు చూశారు. చాలాసేపు చూశారు.

ఫిబ్రవరి 27

రాలేదు.

మార్చి 2

మరదలు మందుల షాపులో పనిచేస్తుంది. మా ఆయన మోకాళ్ళ నొప్పుల మాత్రలకి నేనే వెళ్తాను. తమ్ముడితో మాటల్లేవు గానీ ఆమెతో ఉన్నాయి. నా సంగతి వాడికీ, వాడి సంగతి నాకూ తెలిసేది ఆ గాజు బల్ల మీదుగానే.

"అన్నయ్య గారికి ఎలా ఉంది వదినా?"

"మెట్లెక్కలేరు, మంచమెక్కగలరు."

నవ్వింది. చిల్లర ఇస్తూ మెల్లగా అంది. "మీ తమ్ముడు ఈ మధ్య రోజూ సాయంత్రం మా వైపు కొండెక్కి మీ అడవి వైపే చూస్తూ కూర్చుంటున్నారు. ఏంటండీ అంటే చెప్పరు. చదును మీద అదేదో నల్లగా కప్పారట కదా?"

"దుంగలు. వానకి తడుస్తాయని."

"వానా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె అడగకుండానే ఏవేవో చెప్పాను. లారీ, గేరుబాక్సు, మిల్లులో రద్దీ. మాత్రలు బల్ల మీదే వదిలేసి బయటికి వచ్చాను. ఆమె వెనకాలే పరిగెత్తుకొచ్చి ఇచ్చింది.

రోజూ కొండెక్కి చూస్తున్నాడట. చూడనీ. నా అడవి ఎంత తిన్నగా పెరిగిందో చూసి కుళ్ళుకుంటున్నాడు.

మార్చి 5

ఎండ ముదిరింది. ఇంత త్వరగా ఎప్పుడూ లేదు. మధ్యాహ్నం చదును మీదకి వెళ్ళాను. టార్పాలిన్ మీద చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టు చురుక్కుమంది. కింద ఒక మూల ఎత్తి చూద్దామనుకున్నాను. ఎత్తలేదు.

వేరే లారీ మాట్లాడచ్చు కదా అన్నారు మా ఆయన. మిగిలిన లారీల వాళ్ళందరూ తమ్ముడికి కూడా తోలేవాళ్ళే. ఒకడు ఎక్కించుకుంటే ఆ సాయంత్రమే వాడికి చేరుతుంది. ఆ మాట పైకి అనలేదు. "ఈయనైతే నమ్మకస్తుడు," అన్నాను.

"నమ్మకస్తుడే. రేపు అని నమ్మకంగా చెప్తున్నాడు," అన్నారు.

అలసటగా ఉంది. పని ఎక్కువై వచ్చిన అలసట కాదిది. చెయ్యని పనిది.

మార్చి 7

రాలేదు.

మార్చి 9

వచ్చింది.

మేస్త్రీ, నేను, లారీ ఆయన ముగ్గురం టార్పాలిన్ తలో కొసా పట్టుకుని లాగాం. లోపల్నుంచి వేడి ఆవిరి మొహాన కొట్టింది. బెరడు నిండా గుండుసూది కన్నాలు. ఒక దుంగ అని కాదు, అన్నీ. పెచ్చు లేపితే ఊడి చేతిలోకి వచ్చింది. లోపల దారులున్నాయి, ఎవరూ లేరు.

లారీ ఆయనకి ఏమీ అర్థం కాక, "ఎక్కించమంటారా?" అన్నాడు.

మేస్త్రీ నా మొహం చూడలేదు. "నల్లది కదమ్మా, ఎండంతా లాక్కుంది. కోడి పొదిగినట్టు పొదిగాం," అన్నాడు. 'పొదిగాం' అన్నాడు, పాపం. కప్పమన్నది నేను.

ఎక్కించమన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఖాళీ దుంగల్ని జాగ్రత్తగా, తాళ్ళు కట్టి మరీ, పంపించాను. వాన వస్తుందని కప్పలేదు. వాడు చూస్తాడని కప్పాను. ఇది ఇక్కడైనా రాసుకోకపోతే ఈ పుస్తకం ఎందుకు.

మార్చి 10

తలనొప్పి.

మార్చి 11

తెల్లారగానే వెళ్ళాను. నా వైపు గట్టు వరసంతా పొట్టు. కొంతసేపటికి లెక్కపెట్టడం మానేశాను.

తర్వాత దారి దాటాను. పంపకాలయ్యాక వాడి అడవిలో కాలు పెట్టడం ఇదే మొదలు. లోపల ఎంత వెలుగో. చెట్టుకీ చెట్టుకీ మధ్య బండి పట్టేంత ఖాళీ. ఒక్కొక్కటీ నా చేతులకి అందనంత లావు. మొదటి వరస చూశాను, రెండో వరస చూశాను. వాటికీ పట్టింది.

వాడి పలచటి అడవికి కూడా.

ఒక్క క్షణం సంతోషం వేసింది. నిజంగానే వేసింది. తర్వాత వాడి చెట్టుకి ఆనుకుని కూలబడ్డాను.

మార్చి 12

చెప్పడానికి బయల్దేరాను. గేటు దగ్గర వాళ్ళ కుక్క మొరిగింది. తిరిగొచ్చేశాను.

"కుక్క కట్టేసి ఉందా?" అన్నారు మా ఆయన.

"కట్టేసే ఉంది."

"మరేం, అదైనా నిన్ను పలకరించిందిగా."

నవ్వు రాలేదు. మింగలేక కక్కలేక ఉన్నాను. ఎలా మొదలుపెట్టాలో అద్దం ముందు నిలబడి చెప్పుకున్నాను. "ఒక చిన్న సంగతి." చిన్నది కాదు. "నీకు తెలిసే ఉంటుంది." ఎలా తెలుస్తుంది? "నువ్వన్నదే నిజమైంది." ఇది పూర్తిగా అనకుండానే అద్దం ముందు నుంచి వచ్చేశాను.

ఆలస్యమైన ఒక్కో రోజూ పురుగుది. అది తెలిసి కూడా ఇవాళ్టిని దానికి ఇచ్చేశాను.

మార్చి 13

చెప్పేశాను. మొత్తం రాస్తాను.

వాడు పెరట్లో రేకుల షెడ్డులో రంపానికి గొలుసు తొడుగుతున్నాడు. కణతల దగ్గర జుట్టు నెరిసింది. గజాల దూరంలో ఉంటూ నేనది చూడలేదు. నన్ను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"కూర్చో అక్కా."

నిలబడే చెప్పాను. కాఫీపొడి, మూడు చెట్లు, టార్పాలిన్, కన్నాలు. "నీ వైపు రెండు వరసలకి వచ్చేసింది. నా వల్లే. ముందే చెప్పాల్సింది, చెప్పలేదు." అద్దం ముందు చెప్పుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు.

వాడు గొలుసు కింద పెట్టాడు. "తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"మొత్తం తెలుసు. మూడు కాదక్కా. చలికాలంలోనే కొండ మీంచి చూశాను. నీ అడవి నడిమధ్య రెండు చెట్ల తలలు ఎండి ఎర్రబడి ఉన్నాయి. కింద తిరిగే నీకు అవి కనపడవు. అంత గుబురులో తల ఎక్కడ కనిపిస్తుంది? అక్కడ మొదలైంది."

వాడు చెప్పిన చోటికి మనసులోనే నడిచి వెళ్ళాను. ఆ చెట్ల కిందనుంచి ఎన్నిసార్లు వెళ్ళి ఉంటాను.

"చలికాలంలో చూశావా? మరి చెప్పలేదేంరా?"

వాడు చేతికున్న నూనె గుడ్డతో తుడుచుకుంటూనే ఉన్నాడు.

"నువ్వొస్తావని చూశాను. నువ్వొచ్చి, ఒరేయ్ నువ్వన్నదే నిజమయిందిరా అంటావని. ఆ టార్పాలిన్ కూడా రోజూ చూశాను. ఇవాళ తీయిస్తుందిలే, ఇవాళ వచ్చి చెప్తుందిలే అని కూర్చున్నాను."

"నీ చెట్లకీ వస్తుందని తెలియదా?"

"తెలుసు."

"తెలిసేనా?"

"తెలిసే. పలచగా ఉంటే తట్టుకుంటాయిలే అనుకున్నాను." తల దించుకున్నాడు. "అది కూడా అబద్ధమే. నువ్వు రావాలి, అంతే. ముందు నువ్వు రావాలి."

ఇన్నాళ్ళూ ఇంట్లో కూర్చుని వాడిని తిట్టుకుంటూ వచ్చాను. ఆ క్షణంలో కోపం వచ్చి ఉంటే బాగుండేది. వాడి మొహంలో నా మొహమే కనిపించింది. ఎవరి మీద అరవాలి?

మరదలు టీ పట్టుకుని గుమ్మంలోనే నిలబడి మొత్తం విన్నట్టుంది. గ్లాసులు బల్ల మీద ఠకీమని పెట్టింది.

"మీ ఇద్దరికీ కలిపి ఒక్క బుర్ర ఇచ్చి ఉంటే సరిపోయేది. ఈయనకి పంతం, మీకు పౌరుషం. మధ్యలో చెట్లేం చేశాయి వదినా?"

ఇద్దరం టీ తాగాం. తాగుతూనే వాడు చాక్‌పీసు తీసి షెడ్డు గోడ మీద గట్టుదారి గీశాడు. కొట్టాల్సినవి అటు నాలుగు వరసలు, ఇటు నాలుగు. నేను వాడి చేతిలోంచి చాక్‌పీసు తీసుకుని ఇటు ఇంకో రెండు గీశాను. నడిమధ్య ఎర్ర తలలున్న చోట సున్నా చుట్టాను.

"అంతనా?" అన్నాడు.

"అంత."

మార్చి 14

సున్నం. గట్టుదారికి రెండు వైపులా. వాడి వైపుకి వాడు, నా వైపుకి నేను. జబ్బువాటికి పెట్టడం సులువే. మంచివాటి దగ్గరే చెయ్యి బరువెక్కుతోంది.

మార్చి 18

రెండు గుంపులు కొడుతున్నాయి. పడిన చెట్టుని పడిన చోటే ఒలిచి, బెరడు తగలబెడుతున్నాం. పొగ ఊరంతా చూస్తోంది. చూడనీ. పని గురించి తప్ప ఇద్దరం ఇంకేం మాట్లాడుకోవడం లేదు. పనే కావలసినంత ఉంది.

గట్టు దగ్గరికి లారీలు నా దారిలోనే రావాలి. వాడి దుంగలు ఇన్నేళ్ళుగా కొండ చుట్టూ తిరిగి పోయేవి. వాడు అడగలేదు, నేను ఇవ్వనూ లేదు. ఇవాళ మొదటి లారీ గేటు దగ్గరికి వచ్చి హారన్ కొడితే వెళ్ళి తీశాను. అంతే.

మార్చి 27

సంఘం మీటింగు. నిలబడి చెప్పాను, నా తప్పు మాత్రమే. పక్క కుర్చీలోంచి వాడు లేచి వాడిది చెప్పాడు. చెప్పమని నేను అడగలేదు. వెనక వరసలో ఎవరో నవ్వారు. నవ్వదగ్గదే.

ఏప్రిల్ 8

కొట్టడం అయిపోయింది. గట్టు పొడవునా బోసిగా ఉంది. అటు చూడబుద్ధి కాక కొట్టు వెనకవైపు దారిలో తిరుగుతున్నాను. మా ఆయన తమ్ముడి రంపాలు నాలుగు పదును పెట్టి ఇచ్చారు. ఇదివరకు ఎవడు పెట్టాడో గానీ పళ్ళన్నీ అరగదీసి పెట్టాడట. రెండు రోజులు అదే చెప్పారు. ఆయనకి సంతోషంగా ఉన్నట్టుంది.

నాకు ఇంకా ఏమీ అనిపించడం లేదు. పొద్దున లేస్తాను, బూట్లు వేసుకుంటాను, తిరుగుతాను, బెరడు తడుముతాను, వస్తాను.

ఏప్రిల్ 21

తిరిగాను. ఏమీ కనిపించలేదు.

మే 3

ఏమీ కనిపించలేదు.

మే 26

సాయంత్రం ఫోన్ మోగింది. వాడి పేరు తెర మీద చూసి రెండుసార్లు మోగనిచ్చాను, భయంతో. పని రోజుల్లో కూడా వాడు ఫోన్ చేయలేదు. ఏదున్నా ఎదురుగానే.

"అక్కా, చెడ్డ కబురు. కొండ మీద ఉన్నాను. నాన్న చెక్కలో ఒక తల రంగు మారింది. ఎర్ర కాదు, ఇంకా పసుపే. ఇప్పుడే చూశాను. చూడగానే చేస్తున్నా."

నాన్న చెక్క అంటే నాన్న స్వయంగా నాటిన భాగం. పంపకాల్లో నేను పట్టుబట్టి తీసుకున్నది అదొక్కటే. అక్కడ గొడ్డలి దెబ్బ పడకుండా ఇన్నాళ్ళూ ఏదో ఒక సాకు చెప్పుకుంటూ వచ్చాను.

నేను వెళ్ళేసరికి వాడూ దిగి వచ్చాడు. మొదట్లో పొట్టు ఉంది. ఇద్దరం వంగి చూశాం. పై నుంచి కింద దాకా ఒక్క ముడి లేని చెట్టు. మా ఇద్దరి చేతులూ కలిపితే గానీ చుట్టూ అందదు.

"పొద్దు వాలుతోందక్కా. ఇవాళ్టికి ఉండనీ. రేపు పొద్దున కొడదాం," అన్నాడు. నా కోసమే అన్నాడని తెలుసు. ఇంత దయగా వాడు నాతో మాట్లాడి ఎన్నేళ్ళయిందో. ఆ రేపు ఎంత కావాలనిపించిందో.

"వద్దురా. ఇవాళే."

"అక్కా..."

"ఇవాళే కొట్టు. నీ రంపం పదునుగానే ఉందిగా."

చెట్టుకి గీత నేనే పెట్టాను. చుట్టూ ఉన్న వరసకి వాడు పెడుతుంటే ఆపలేదు. ఒక దాని దగ్గర వాడు ఆగి నా వైపు చూశాడు. తలూపాను. పెట్టాడు.

ఆ ఒక్కదాన్నీ వెలుగుండగానే పడేశాం. పడ్డాక ఒక కొసన వాడు, ఒక కొసన నేను కూర్చుని ఒలవడం మొదలుపెట్టాం. తెల్లటి పిల్లలు ఇంకా లోపలే ఉన్నాయి, ఒక్కదానికీ రెక్కలు రాలేదు. అది చూసి ఏడుపొచ్చింది. వాడి ముందే ఏడ్చాను. వాడు లేచి రాలేదు, ఓదార్చలేదు, ఒలుస్తూనే ఉన్నాడు. నేనూ కత్తి కింద పెట్టలేదు. నడిమధ్యకి వచ్చేసరికి ఇద్దరి మోకాళ్ళూ తగిలాయి. దుంగ మీద బెరడు లేదు.